నవ్వించే ఫ్యాంటసీ నవలలు: మా సంచి లైబ్రరీ ఎక్కడిదాకా వచ్చిందంటే

జూన్

సంచి బయల్దేరింది. బంధువులు, స్నేహితులు కలిపి నాలుగైదు ఇళ్లవాళ్లం. ఒక గుడ్డసంచిలో నవ్వించే ఫ్యాంటసీ నవలలు వేసి ఇంటింటికీ తిప్పుతున్నాం. మంత్రగాళ్లు, డ్రాగన్లు ఎందరున్నా సరే, లోకం మునిగిపోతోందని వెయ్యి పేజీలు బెదరగొట్టే రకం మాత్రం వద్దనుకున్నాం.

సరుకు చాలావరకు హైదరాబాద్ ఆబిడ్స్ ఫుట్‌పాత్‌దే. ఆదివారం మూసిన షట్టర్ల ముందు పుస్తకాలు పరుస్తారు. చినుకు పడితే టార్పాలిన్ కప్పేస్తారు, ఇక వెతకడం కుదరదు. అందుకే వానాకాలంలో పొద్దున్నే పోవాలి. ఫ్యాంటసీని విడిగా పెట్టరు, థ్రిల్లర్ల అడుగునో పోటీపరీక్షల గైడ్ల పక్కనో దొరుకుతుంది. కొనేముందు మధ్యలో తెరిచి జిగురు చూడండి. పాత పేపర్‌బ్యాక్‌లలో అది ఎండిపోయి పటుక్కున విరుగుతుంది. చివరి పేజీ ఉందో లేదో కూడా అక్కడే చూసుకోవాలి, బేరం ఆ తర్వాతే.

జులై

ఇంగ్లిష్ రచయిత టెర్రీ ప్రాచెట్ రాసిన డిస్క్‌వరల్డ్ సిరీస్ నవలలు 41. అన్నీ ఒకే లోకంలో జరిగినా చాలావరకు దేనికదే కథ, వరసగా చదవాలని లేదు. మొదటిది 1983 నాటి ‘ది కలర్ ఆఫ్ మ్యాజిక్’. కొత్తవాళ్లకు నేనది ఇవ్వను. అంతకుముందు వచ్చిన కత్తులూ మంత్రాల నవలలను ఆటపట్టించే పుస్తకమది, అవి చదవనివాళ్లకు సగం జోకులు అందవు. 1987లో వచ్చిన ‘మోర్ట్’ నయం. అందులో మృత్యువు ఓ కుర్రాణ్ణి శిష్యుడిగా పెట్టుకుంటాడు.

కథ చెబుతుంటే పిన్ని ఆపింది. “యముడికి అసిస్టెంటా? మరి చిత్రగుప్తుడేం చేస్తాడు?”

చిత్రగుప్తుడు లేడు పిన్నీ, పాపపుణ్యాల లెక్కే లేదు అన్నాను. మనిషికో ఇసుక గడియారం ఉంటుంది, ఇసుక అయిపోతే ఆయన వస్తాడు. పిల్లులంటే ప్రాణం, కర్రీ అంటే ఇష్టం.

“పాపం, మంచివాడేరా,” అని పుస్తకం తీసుకెళ్లింది.

ఆగస్టు

నాగోలు నుంచి రాయదుర్గం దాకా రోజూ మెట్రోలో వెళ్లే ఫ్రెండ్ ‘మోర్ట్’ను మధ్యలో వదిలేశాడు. కథ నచ్చక కాదు. ప్రాచెట్ చాలా నవలల్లో అధ్యాయాలే ఉండవు, స్టేషన్ వచ్చిందంటే ఎక్కడ ఆపాలో తెలీదు. పైగా ఫుట్‌నోట్లు, వాటిలోనే మంచి జోకులు. నిలబడి చదివేవాడికి కష్టమే. అధ్యాయాలున్న ‘గోయింగ్ పోస్టల్’ (2004) ఇచ్చాను, వారంలో లాగించేశాడు.

అదే పుస్తకం తర్వాత బాబాయికి వెళ్లింది. ఆయన తపాలా శాఖలో రిటైరయ్యారు, ఫ్యాంటసీ అంటే పిల్లల వ్యవహారమని తీర్మానించుకున్న మనిషి. ఇందులో ఓ మోసగాణ్ణి ఉరి తీసినట్టే తీసి, బతికించి, పాడుబడ్డ పోస్టాఫీసుకు పోస్టుమాస్టరుగా వేస్తారు. భవనం నిండా ఎవరికీ చేరని ఉత్తరాలు. లోపల ఓ ముసలాయన ఉంటాడు, ఆ వయసులోనూ జూనియర్ పోస్ట్‌మనే, ఎందుకంటే ప్రమోషన్ ఇవ్వడానికి పైన ఎవరూ మిగల్లేదు. బాబాయి అక్కడ పుస్తకం మూసి, కళ్లజోడు తీసి, కళ్లు తుడుచుకుని మరీ నవ్వారు. “మా సీనియారిటీ లిస్టు వీడికెవడు చూపించాడ్రా?” సిగ్నల్ టవర్ల కంపెనీకీ తపాలాకీ పోటీ వచ్చే ఘట్టంలో ఆయనకు మన టెలిగ్రాం గుర్తొచ్చింది, 2013 జులైలో ఆగిపోయిందిగా. ఆ రాత్రంతా అవే కబుర్లు.

ఏ పుస్తకం గొప్పదన్న చర్చకంటే ఏది ముందు ఎవరి చేతిలో పడాలన్నదే మాకిప్పుడు అసలు పని. అందుకే ప్రతి పుస్తకంలో ఓ చీటీ పెట్టాం: ఎక్కడ నవ్వొచ్చింది, ఎక్కడ సాగలేదు, తర్వాత ఎవరికిస్తే బాగుంటుంది. నక్షత్రాలూ మార్కులూ వేయొద్దన్నాం.

సెప్టెంబరు

తేమ మొదలైంది. పుస్తకాలను జిప్ కవర్లలో పెట్టి, చెప్పుల డబ్బాల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు వేశాను. తడిసినదాన్ని ఎండలో పెట్టకండి, అట్ట వంకర పోతుంది. ఫ్యాన్ కింద నిలబెట్టి పేజీలు విప్పితే చాలు.

ఈ నెల అక్క వంతు, డయానా విన్ జోన్స్ ‘హౌల్స్ మూవింగ్ కాజిల్’ (1986). ముగ్గురిలో పెద్దదాన్ని కాబట్టి తనకేమీ కలిసిరాదని సోఫీ నమ్మకం. మన జానపద కథల్లోనూ గెలిచేది చిన్నవాడేగా. శాపం తగిలి ముసలమ్మయ్యాక గానీ ఆ అమ్మాయికి నోరు లేవదు. అక్క చీటీలో “ఇది నా కథే” అని రాసి కింద రెండు గీతలు గీసింది. 2004లో వచ్చిన జపాన్ దర్శకుడు మియజాకి యానిమేషన్ సినిమా చూసినవాళ్లు కూడా చదవొచ్చు. నవలలో హౌల్ అనే మంత్రగాడి కోట తలుపు పిడిని నల్లరంగు వైపు తిప్పితే ఎక్కడికి తెరుచుకుంటుందో సినిమాను బట్టి ఊహించలేరు. నేను చెప్పను.

అక్టోబరు

‘ది ప్రిన్సెస్ బ్రైడ్’ (1973) తిరుగుతోంది. ఎస్. మోర్గెన్‌స్టర్న్ అనే ఆయన రాసిన పెద్ద పుస్తకాన్ని కుదించానంటాడు రచయిత విలియం గోల్డ్‌మన్. ఆ ఒరిజినల్ కోసం మెట్రో ఫ్రెండ్ కోఠీ అంతా గాలించాడు. మోర్గెన్‌స్టర్న్ అనేవాడే లేడు, అదీ జోకే.

తర్వాతిది ‘మేకింగ్ మనీ’ (2007). పోస్టాఫీసు మోసగాణ్ణే ఈసారి బ్యాంకులో వేస్తారు, ఆ బ్యాంకు ఛైర్మన్ ఓ కుక్క. బాబాయి అప్పుడే అడిగి పెట్టుకున్నారు. పిన్ని ఒప్పుకోలేదు. “బ్యాంకులో పనిచేసేది నేను. ముందు నాకు. మీకిస్తే నెలదాకా రాదు.” ఫుట్‌పాత్ మీద రెండు కాపీలు దొరికితే సరి, లేదంటే డిసెంబరు బుక్ ఫెయిర్‌ దాకా ఆగాలి. అప్పటిదాకా పేజీ గుర్తుకు పిన్నిది ఎర్ర రిబ్బను, బాబాయిది పాత ఇన్‌లాండ్ కవరు.