పంపకాల దస్తావేజులో లేని పేరు

మే నెల, విజయవాడ.

సివిల్ కోర్టులకు వేసవి సెలవులు ఇచ్చిన తరువాత లా ఫర్మ్‌లో ఇంటర్న్‌షిప్ చేస్తే నేర్చుకోవడానికి ఏముంటుందని మా క్లాసులో చాలామంది అన్నారు. వాదనలు వినాలన్న కోరికతో వెళ్లేవారి విషయంలో ఆ మాట నిజమే కావచ్చు. అయిదేళ్ల లా కోర్సు చదివేవారు మొత్తం మీద కనీసం 20 వారాలు ఇంటర్న్‌షిప్ చేయాలని, ఏ ఏడాదిలోనూ వరుసగా నాలుగు వారాలకు మించి చేయకూడదని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2008 నిబంధనలు చెబుతున్నాయి; కాలేజీ జరిగే రోజుల్లో వీలుపడదు కనుక మాకు మిగిలేది ఎక్కువగా ఈ ఎండాకాలమే. గవర్నర్‌పేటలో నేను పనిచేస్తున్న ఆఫీసులో ఈ నెలంతా కోర్టుకు పరుగెత్తే హడావిడి ఉండదు, అందువల్ల ఏడాది పొడవునా పక్కన పెట్టిన కాగితాలు నిదానంగా చదివే పని సాగుతుంది. ఈ రోజు జరిగినది చూశాక, ఆ చదవడమే ఈ వృత్తిలో సగానికి పైగా ఉంటుందని నాకు గట్టిగా అనిపిస్తోంది. పేర్లు, ఊరు, సర్వే నంబర్లు ఇక్కడ రాయను. అవి నమ్మి కాగితాలు ఇచ్చినవారివి.

నాకు అప్పగించిన పని టైటిల్ వెరిఫికేషన్. నూజివీడు వైపు ఒక మామిడి తోట కొనదలచినాయన మా క్లయింటు. బయానా ఇచ్చే ముందు హక్కు సవ్యంగా ఉన్నదో లేదో చూసి లీగల్ ఒపీనియన్ ఇమ్మని అడిగారు. అమ్మకందారు ఇచ్చిన లింకు డాక్యుమెంట్లను తేదీల వారీగా పేర్చి, ఎవరి నుంచి ఎవరికి ఏ విధంగా హక్కు సంక్రమించిందో పట్టికగా రాయాలి. ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలను చూపే ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) 1983 నుంచి కంప్యూటరులో దొరుకుతుంది. అంతకు ముందు కాలానికి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో పాత పుస్తకాలు వెతికించుకోవాలి. ఆ తిరుగుడంతా మా గుమాస్తా గారిది. ఆయన లా చదవలేదు గాని, దస్తావేజు చేతికి వస్తే ముందు వెనక వైపు తిప్పి రిజిస్ట్రేషన్ ముద్ర చూస్తారు, తరువాత సాక్షుల సంతకాలు చూస్తారు, ఆ తరువాతే మొదటి పేజీకి వస్తారు. "ముందర ఉన్నది రాయించుకున్నవాళ్ల మాటమ్మా, వెనక ఉన్నది ఆఫీసు మాట" అని ఆయన చెప్పినది నేను ఏ తరగతిలోనూ వినలేదు.

ఉదయం ముందుగా 1953 నాటి పంపకాల దస్తావేజు నకలు చదివాను. అంతా గొలుసుకట్టు రాత. తోటకు తూర్పున డొంక, దక్షిణాన పంట బోదె అని చతుస్సీమలు కూడబలుక్కొని చదవడానికే చాలాసేపు పట్టింది. ఆ దస్తావేజు ద్వారా ఇద్దరు అన్నదమ్ములు తమ పిత్రార్జితాన్ని పంచుకోగా, ఈ తోట అందులో చిన్నవాడి వంతుకు వచ్చింది. తరువాతిది 1988 నాటిది. ఆ చిన్నవాడు అప్పటికి పెద్దవాడై, తన ఇద్దరు కొడుకులతో కలిసి మళ్లీ పంపకాలు చేసుకున్నాడు. 'ఎ' షెడ్యూలులోని ఇల్లు తండ్రికి, 'బి', 'సి' షెడ్యూళ్లుగా తోటలో చెరో సగం కొడుకులకు. స్టాంపులు సరిపోయాయి, రిజిస్ట్రేషన్ సక్రమంగా జరిగింది, ముగ్గురి సంతకాలూ ఉన్నాయి. ఇప్పుడు తన 'బి' షెడ్యూలు భాగాన్ని అమ్ముతున్నది పెద్ద కొడుకు. పైకి చూస్తే ఎక్కడా అడ్డు లేదు. అయితే తండ్రి చనిపోయిన తరువాత తహసీల్దారు ఇచ్చిన ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ కూడా ఫైలులో ఉంది, అందులో పిల్లలు నలుగురు. ఇద్దరు కూతుళ్ల పేర్లు 1988 దస్తావేజులో ఏ పేజీలోనూ లేవు.

మా ఆఫీసు వకీలు మేడమ్ ఈ సంగతి ముందే గమనించి, ఆ కూతుళ్ల పెళ్లి తేదీలు తెప్పించమని అమ్మకందారుకు కబురు పెట్టారట. పెళ్లి తేదీతో పని ఏమిటని బయటివారు అడిగితే ఆశ్చర్యం లేదు. హిందూ వారసత్వ చట్టానికి ఆంధ్రప్రదేశ్ శాసనసభ చేసిన 1986 సవరణ, కొడుకులాగే కూతురికి కూడా ఉమ్మడి కుటుంబ ఆస్తిలో పుట్టుకతోనే వాటా ఇచ్చింది. అప్పుడు ఎన్.టి. రామారావు ముఖ్యమంత్రి. తమిళనాడులో అటువంటి చట్టం 1989లో, కర్ణాటక, మహారాష్ట్రల్లో 1994లో అమలులోకి వచ్చాయి. దేశమంతటికీ వర్తించే సవరణ రావడానికి 2005 సెప్టెంబరు 9 దాకా పట్టింది. అంత ముందుచూపు గల మన చట్టం ఒక గీత మాత్రం గీసింది. వెనకటి తేదీతో అది అమలులోకి వచ్చిన 1985 సెప్టెంబరు 5 నాటికే పెళ్లయిపోయిన కూతురికి ఈ హక్కు లేదు. ఇవన్నీ నేను ఫ్యామిలీ లా పరీక్షలో రాసినవే. ఒక ఇంటి శుభలేఖ ఎదురుగా పెట్టుకొని ఆ తేదీని చూడడం వేరు.

పెద్ద కూతురి పెళ్లి 1982లో జరిగింది. చిన్న కూతురి శుభలేఖను అమ్మకందారు వాట్సాప్‌లో పంపారు. నాలుగు మూలలా పసుపు మరకలు గోధుమ రంగుకు తిరిగిన ఆ కార్డు మీద 'అక్షయ నామ సంవత్సర వైశాఖ మాసం' అని, దాని కింద 1986 మే నెల తేదీ ఉన్నాయి. అంటే చట్టం అమలులోకి వచ్చిన నాటికి ఆమె పెళ్లి కాని పిల్ల. తండ్రి, ఇద్దరు కొడుకులతో పాటు నాలుగో వాటాదారు. 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరైన పంపకాలను 2005 చట్టం కదిలించదు, కాబట్టి అక్కగారికి ఈ తోటలో అడగడానికి దారి కనిపించదు. చెల్లెలికి ఆ చిక్కు లేదు. 1988లో ఆమెను కలపకుండా చేసుకున్న పంపకం తనను కట్టడి చేయదని, నాలుగో వంతు తనకు రావాలని ఆమె అడగవచ్చు. ఇన్నేళ్లయింది కదా, కాలదోషం పట్టదా అని నేను మేడమ్‌ను అడిగాను. లిమిటేషన్ చట్టం షెడ్యూలులో 110వ ఆర్టికల్ తీసి నా ముందు పెట్టారు. ఉమ్మడి ఆస్తి నుంచి తనను మినహాయించారని తెలిసిన నాటి నుంచి 12 సంవత్సరాలు అని అందులో ఉంది. పంపకం జరిగిన తేదీ కాదు, ఆమెకు తెలిసిన తేదీ ముఖ్యం.

మధ్యాహ్నం భోజనాలు కాగానే అమ్మకందారు తన చెల్లెలిని వెంటబెట్టుకొని వచ్చారు. దస్తావేజు లేఖరి దగ్గర టైపు చేయించిన రాటిఫికేషన్ డీడ్ చేతిలో ఉంది. 1988 పంపకాలు తనకు అప్పుడే తెలుసునని, తనకు పూర్తి సమ్మతమని, ఆస్తిలో తనకు ఏ హక్కూ లేదని ఆమె ఒప్పుకుంటున్నట్టు అందులో రాశారు. సంతకం చోట పెన్సిలుతో ఇంటూ గుర్తు పెట్టి ఉంది. ఆవిడ కూర్చోగానే కలం అడిగారు.

"అమ్మా, ఇందులో ఏముందో మీకు ఎవరైనా చదివి వినిపించారా?" అని మేడమ్ అడిగారు.

"అన్నయ్య పెట్టమన్నాడమ్మా, పెడతాను. చదవడం ఎందుకు?"

అన్నగారు కలగజేసుకొని, "పెళ్లికి మేమేం లోటు చేయలేదండీ. కట్నం ఇచ్చాం, సారె పంపాం, ఈ రోజుకీ పండక్కి పిలిచి చీర పెడుతున్నాం" అన్నారు. ఆ మాటలో అబద్ధం ఉందని నేను అనుకోను. ఆవిడ కూడా తల ఊపారు.

"మీరు లోటు చేశారని నేను అనడం లేదండీ. కట్నం ఇచ్చినంత మాత్రాన పుట్టుకతో వచ్చిన వాటా పోదు. మీరు కాసేపు బయట గదిలో కూర్చోండి" అని చెప్పి, మేడమ్ ఆ డీడ్‌లోని ప్రతి పేరానూ నిదానంగా చదివి వినిపించారు. చట్టం భాషను ఇంట్లో మాట్లాడే తెలుగులోకి ఆమె దింపిన తీరు నేను జాగ్రత్తగా విన్నాను. సెక్షన్ల మాట ఎత్తలేదు. "మీ నాన్నగారి తోటలో మీ అన్నదమ్ములతో పాటు మీకూ నాలుగో వంతు ఉందని చట్టం అంటుంది. ఈ కాగితం మీద సంతకం పెడితే అది వద్దని మీరు చెప్పినట్టు. వద్దనుకోవడం మీ ఇష్టం, కాని ఉన్నదని తెలిసి వద్దనుకోవాలి" అన్నారు.

"నాకూ ఉందా అమ్మా, తోటలో?" అని ఆవిడ అడిగి కాసేపు మాట్లాడలేదు. తరువాత బావి గట్టున ఉన్న చిన్నరసాల చెట్టు గురించి చెప్పారు. టెంక తనే పాతిపెట్టారట, కాపుకొచ్చే నాటికి తను అత్తవారింట్లో ఉన్నారట. ఆ వెంటనే ఆవిడ అడిగినది నేను ఊహించని ప్రశ్న: "మరి అక్కకి?"

పెళ్లి ముందే అయినందువల్ల ఆమెకు ఇందులో రాదని మేడమ్ చెప్పారు. "అదేం లెక్కమ్మా, ఇద్దరం ఒక తల్లి పిల్లలమేగా" అన్నారు ఆవిడ. మేడమ్ దానికి సమర్థింపుగా ఏమీ చెప్పలేదు, చట్టం అప్పట్లో అంతవరకే వచ్చిందని మాత్రం అన్నారు. నా వరకు నాకు, ఆ గీతను తప్పుపట్టడానికి ఇంతకంటే సూటి మాట దొరకదు. శాసనసభ ఒక చోట గీత గీయక తప్పదని, అప్పటికే స్థిరపడిన లావాదేవీలన్నీ కదిలిపోతే ఎవరికీ నిద్ర ఉండదని పుస్తకాలు చెప్పే కారణం నాకు అర్థమవుతుంది. అయినా పంపకం జరిగింది ఆ తేదీ తరువాతే కదా. పంచని ఆస్తిలో పెళ్లయిన కూతురికి వాటా ఇచ్చివుంటే స్థిరపడినది ఏదీ కదిలేది కాదు.

మేడమ్ మరొక మాట కూడా స్పష్టంగా చెప్పారు: మేము కొనుగోలుదారు తరఫు వకీళ్లం, ఆవిడకు సలహా ఇవ్వవలసినది మేము కాదు, సంతకం చేయాలో వద్దో వేరొకరిని అడిగి నిర్ణయించుకోవాలి. వకీలుకు ఫీజు ఇచ్చుకోలేకపోయినా ఫరవాలేదని, 1987 నాటి న్యాయ సేవల చట్టంలోని 12వ సెక్షన్ ప్రకారం ఆదాయంతో పనిలేకుండా ఏ స్త్రీకైనా జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో ఉచిత సహాయం దొరుకుతుందని చెప్పారు. హెల్ప్‌లైన్ నంబరు 15100ను నేనే ఒక చీటీ మీద పెద్ద అంకెలతో రాసి ఇచ్చాను. ఆవిడ దానిని కళ్లజోడు పెట్టెలో పెట్టుకొని, "అక్కతో మాట్లాడి చెబుతానమ్మా" అన్నారు. అన్నగారు డీడ్‌ను మడిచి సంచిలో పెట్టుకుంటూ బయానా గడువు ఎప్పటిదాకా అని మాత్రమే అడిగారు. మెట్ల దగ్గర ఎండ చూసి చెల్లెలికి గొడుగు విప్పి పట్టింది కూడా ఆయనే.

వాళ్లు వెళ్లాక మేడమ్‌ను అడిగాను, సంతకం పెట్టించుకొని ఉంటే మన క్లయింటుకు పని తేలికయ్యేది కదా అని. తెలియకుండా పెట్టిన సంతకాన్ని తరువాత ఆమెగాని, ఆమె పిల్లలుగాని కోర్టులో సవాలు చేస్తే నష్టపోయేది మన క్లయింటేనని ఆమె చెప్పారు. ఆ సమాధానం సరైనదే. కాని ఆ గదిలో కూర్చుని చూసిన నాకు, క్లయింటు లాభం ఒక్కటే కారణమై ఉంటే ఆమె అంత ఓపికగా ప్రతి పేరా చదివి వినిపించి ఉండేవారు కాదనిపించింది. ఎదుటి పక్షపు మనిషిని కూడా చీకట్లో ఉంచకుండా మన పక్షాన్ని కాపాడవచ్చునని నేను ఈ రోజు కళ్లారా చూశాను. రేపు ఏ ఆఫీసులో చేరినా ఈ పద్ధతినే పట్టుకొని ఉండాలని నా కోరిక.

సాయంత్రం ఒపీనియన్ చిత్తుప్రతి రాశాను. హక్కు నిర్వివాదంగా ఉన్నదన్న అర్థం వచ్చే వాక్యం మామూలుగా చివర ఉంటుంది. మేడమ్ దాని మీద అడ్డగీత కొట్టి, చిన్న కూతురు స్వతంత్రంగా సలహా తీసుకున్న తరువాత రిజిస్టరు దస్తావేజు ద్వారా తన హక్కు వదులుకుంటేగాని, లేదా అమ్మకం దస్తావేజులో తానూ అమ్మకందారుగా చేరి తన వాటా సొమ్ము తీసుకుంటేగాని బయానా ఇవ్వవద్దని రాయించారు. ఫోనులో ఈ సంగతి వినిపిస్తే క్లయింటు, "ధర మారదుగా? ఆవిడ కూడా చేరితే నాకు ఇంకా ధీమా" అన్నారు. రేపు ఉదయం గుమాస్తా గారితో కలిసి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళ్లి, తమ్ముడి వంతు 'సి' షెడ్యూలు భాగం ఇప్పటికే ఎవరికైనా అమ్ముడుపోయిందేమో ఈసీ తీయించాలి. పోయి ఉంటే ఆవిడ వాటా సంగతి ఈ ఒక్క అమ్మకంతో తేలదు.