మూడు ‘ఐరోపా మండళ్లు’, ఒక నోట్‌బుక్: ఈయూ మంత్రుల సమావేశాలను నేను చదివిన తీరు

2023లో, నా మొదటి సివిల్స్ మెయిన్స్‌కి రెండు నెలల ముందు, టెస్ట్ సిరీస్‌లో రష్యా మీద ఐరోపా ఆంక్షల గురించి ప్రశ్న వచ్చింది. నేను ధీమాగా రాశాను. ఐరోపా మండలి ఆంక్షలను ఏకగ్రీవంగా పొడిగించిందని మొదలుపెట్టి, ఆ మండలి కేంద్రం స్ట్రాస్‌బర్గ్ అని, దానిలో 46 దేశాలు ఉన్నాయని, అధ్యక్షుడు షార్ల్ మిషెల్ అని రాసేశాను. దిద్దినవారు పక్కన ఎర్ర సిరాతో ‘ఏ మండలి?’ అని రెండే మాటలు రాసి, పదికి రెండున్నర ఇచ్చారు.

నేను రాసిన వివరాల్లో ఏ ఒక్కటీ తప్పు కాదు. కానీ అవి మూడు వేర్వేరు సంస్థలవి. ఆ పేపర్ ఇప్పటికీ నా దగ్గరే ఉంది.

తెలుగు మీడియంలో రాసేవాళ్లకు ఇక్కడ ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. ఇంగ్లిష్‌లో చదివేవాళ్లకు కనీసం పదాల వరుస తేడా చూపిస్తుంది. మనకు మూడూ ‘ఐరోపా మండలి’గానే అనువాదమై వస్తాయి. ‘యూరోపియన్ కౌన్సిల్’ అంటే ఈయూ (ఐరోపా సమాఖ్య)లోని 27 దేశాల అధినేతలు కూర్చునేది. దానికి అప్పటి అధ్యక్షుడే షార్ల్ మిషెల్; ఇప్పుడు పోర్చుగల్ మాజీ ప్రధాని ఆంటోనియో కోస్టా, 2024 డిసెంబర్ 1 నుంచి ఉన్నారు. ఆయన తండ్రి కుటుంబం గోవాది. ‘కౌన్సిల్ ఆఫ్ ది యూరోపియన్ యూనియన్’ అంటే మంత్రులు కూర్చునేది, చట్టాలు ఆమోదించేది. ఇక ‘కౌన్సిల్ ఆఫ్ యూరప్’ అసలు ఈయూ సంస్థే కాదు. 1949లో పుట్టింది, కేంద్రం స్ట్రాస్‌బర్గ్, మానవ హక్కుల న్యాయస్థానం దానిదే. 2022 మార్చిలో రష్యా బయటికి పోవడంతో సభ్యదేశాలు 46 అయ్యాయి. పైగా నీలం మీద 12 నక్షత్రాల జెండా దీనికీ ఈయూకీ ఒకటే. 1955లో దాన్ని ముందు పెట్టుకున్నది కౌన్సిల్ ఆఫ్ యూరప్, మిగతావాళ్లు ముప్పై ఏళ్ల తర్వాత తీసుకున్నారు. నక్షత్రాలకూ సభ్యదేశాల సంఖ్యకూ సంబంధం లేదు, ఇది కూడా ప్రిలిమ్స్ స్టేట్‌మెంట్‌గా వస్తే తడబడకండి.

ఆ రోజు నుంచి నా నోట్స్‌లో వీటికి నేనే పేర్లు పెట్టుకున్నాను: అధినేతల మండలి, మంత్రుల మండలి, స్ట్రాస్‌బర్గ్ మండలి. మెయిన్స్‌లో రాసేటప్పుడు మొదటిసారి ‘మంత్రుల మండలి (కౌన్సిల్ ఆఫ్ ది ఈయూ)’ అని రాసి, తర్వాత తెలుగు పేరుతోనే సాగిపోయాను. దిద్దేవారికి అనుమానం మిగలదు.

పేర్లు సర్దుకున్నా వార్తలు మాత్రం అర్థమయ్యేవి కావు. రోజూ పేపర్లో ‘బ్రస్సెల్స్‌లో ఈయూ మంత్రుల భేటీ’ అని నాలుగు లైన్లు వస్తాయి. ఎవరు కలిశారు, ఎందుకు కలిశారు, దాని తర్వాత ఏమవుతుంది అన్నది తెలీదు. కత్తిరించి అతికించడమే సరిపోయేది. చిక్కడపల్లి లైబ్రరీలో నా పక్కన కూర్చునే అన్న ఒకాయన ఉండేవాడు, వరంగల్ దగ్గర ఊరు. ఆయన ఆదివారం సాయంత్రం రాబోయే వారం అజెండాలు ప్రింట్ తీసుకుని చదివేవాడు. జరగని మీటింగ్ గురించి చదివి ఏం చేస్తామన్నా అని అడిగాను. ‘శుభలేఖ చూడకుండ పెండ్లికి పోతే పిల్ల ఎవరో పిల్లగాడు ఎవరో ఎట్ల ఎరుకైతది చెల్లే?’ అన్నాడు. నా ప్రిపరేషన్‌లో ఈ సబ్జెక్టుకు సంబంధించి మలుపు అదే.

మంత్రుల మండలి తాత్కాలిక అజెండాను సమావేశానికి కనీసం 14 రోజుల ముందు సభ్యులకు పంపాలని నియమం. అది మనకూ దొరుకుతుంది. రెండు పేజీలు, ఎక్కువైతే మూడు. దానిలో ‘ఏ’ అంశాలు, ‘బి’ అంశాలు అని ఉంటాయి. ‘ఏ’ అంటే రాయబారుల స్థాయిలో ముందే ఒప్పందం కుదిరి, చర్చ లేకుండా ఆమోదం పొందేవి. ‘బి’ అంటే మంత్రులు నిజంగా మాట్లాడుకోవాల్సినవి. పేపర్లో పెద్ద అక్షరాలతో వచ్చేది దాదాపు ఎప్పుడూ ‘బి’ జాబితాలోనిదే. కాబట్టి నేను ‘బి’ మాత్రమే నోట్ చేసుకునేదాన్ని. చట్టం మీద చర్చ అయితే బహిరంగంగా జరుగుతుంది, ప్రసారం కూడా చేస్తారు. మిగతావి తలుపులు మూసుకుని జరుగుతాయి. ఈ తేడా కూడా అజెండా మీదే కనిపిస్తుంది.

ఆ రాయబారుల కమిటీ పేరు కోరెపర్. ఇక్కడొక మెలిక ఉంది. ఒకటో భాగంలో ఉప ప్రతినిధులు, రెండో భాగంలో అసలు రాయబారులు కూర్చుంటారు. మనం ఊహించేదానికి తలకిందులు. విదేశాంగం, ఆర్థికం, హోం వంటి బరువైన విషయాలు రెండోదానివి.

మంత్రుల మండలి అని ఒకే పేరు ఉన్నా అది పది రూపాల్లో కలుస్తుంది. వ్యవసాయం అంటే వ్యవసాయ మంత్రులు, పర్యావరణం అంటే పర్యావరణ మంత్రులు. పదీ బట్టీ పట్టొద్దు. రెండింటిని లోతుగా చదవండి: సాధారణ వ్యవహారాల మండలి, విదేశీ వ్యవహారాల మండలి. మెయిన్స్ జనరల్ స్టడీస్ రెండో పేపర్ (జీఎస్-2)లో అంతర్జాతీయ సంస్థల నిర్మాణం, భారత్ ప్రయోజనాలను ప్రభావితం చేసే కూటములు అన్న రెండు సిలబస్ లైన్లకూ ఇవే పనికొస్తాయి.

సాధారణ వ్యవహారాల మండలి అన్న పేరు చూసి తీసిపారేయకండి. చాలామంది అదే చేస్తారు, నేనూ చేశాను. అక్కడికి వచ్చేది ఎక్కువగా ఐరోపా వ్యవహారాల మంత్రులు. కొత్త దేశాల చేరిక, చట్టబద్ధ పాలన మీద సభ్యదేశాల విచారణ, ఏడేళ్ల బడ్జెట్, ఇవన్నీ దాని చేతిలో ఉంటాయి. అన్నిటికంటే ముఖ్యంగా, అధినేతల సమావేశానికి వంట సిద్ధం చేసేది ఇదే. అధినేతలు ఆరు నెలలకు కనీసం రెండుసార్లు కలవాలి. మామూలుగా మార్చి, జూన్, అక్టోబర్, డిసెంబర్ నెలల్లో కలుస్తారు. దానికి కొన్ని వారాల ముందు సాధారణ వ్యవహారాల మంత్రులు అధినేతల ముసాయిదా అజెండా చూస్తారు. కొద్ది రోజుల ముందు మళ్లీ కలిసి ముసాయిదా తీర్మానాలు చూస్తారు. ఈ రెండు కాగితాలూ చదివితే అధినేతలు ఏం తేలుస్తారో కాకపోయినా, ఎక్కడ తేలడం లేదో ముందే తెలుస్తుంది. మెయిన్స్‌లో మార్కులు తెచ్చేది ఆ రెండోదే.

ఇప్పుడు కళ్లు పెట్టాల్సింది 2028–2034 బడ్జెట్ మీద. ఈయూ కార్యనిర్వాహక సంస్థ అయిన యూరోపియన్ కమిషన్ 2025 జూలైలో ప్రతిపాదన పెట్టింది, మొత్తం దాదాపు రెండు లక్షల కోట్ల యూరోలు. దీనికి మంత్రుల మండలిలో ఏకగ్రీవం కావాలి, యూరోపియన్ పార్లమెంటు సమ్మతి కావాలి. చర్చ నడిపించే బాధ్యత ఆరు నెలలకొకసారి మారే అధ్యక్ష దేశానిది. 2026 మొదటి సగం సైప్రస్, జూలై నుంచి ఐర్లాండ్, 2027లో లిథువేనియా, తర్వాత గ్రీస్. మూడేసి దేశాలు ఒక జట్టుగా పనిచేస్తాయి. పోలండ్, డెన్మార్క్, సైప్రస్ ఒక జట్టు. ఐర్లాండ్, లిథువేనియా, గ్రీస్ తర్వాతది. నోట్‌బుక్‌లో ఒక్కో అధ్యక్ష దేశానికి రెండు పేజీలు వదలండి. ఎడమ పేజీలో రాబోయే సమావేశాలు, కుడి పేజీలో జరిగినవి. ఎడమ పేజీలో ఉండి కుడివైపుకు రానివి పక్కకు తీసి చూస్తే, ఆగిపోయిన విషయాల జాబితా దానంతట అదే తయారవుతుంది.

విదేశీ వ్యవహారాల మండలి సుమారు నెలకొకసారి కలుస్తుంది. దీని అధ్యక్షత మాత్రం తిరగదు. ఈయూ ఉన్నత ప్రతినిధి నడుపుతారు, 2024 డిసెంబర్ నుంచి ఎస్టోనియా మాజీ ప్రధాని కాయా కల్లాస్. ఆమె కమిషన్ ఉపాధ్యక్షురాలు కూడా. అయితే అదే మండలి వర్తకం మీద కలిసినప్పుడు మాత్రం అధ్యక్షత మళ్లీ తిరిగే దేశానిది. ఏప్రిల్, జూన్, అక్టోబర్ నెలల్లో మంత్రుల సమావేశాలు బ్రస్సెల్స్‌లో కాకుండా లక్సెంబర్గ్‌లో జరుగుతాయి. ఇక ‘గిమ్నిష్’ అన్న మాట పేపర్లో కనిపిస్తే కంగారు పడకండి, అది విదేశాంగ మంత్రుల అనధికారిక భేటీ. 1974లో మొదటిసారి జర్మనీలోని ఆ పేరుగల కోటలో కలిశారు, పేరు అలా నిలిచిపోయింది. అక్కడ తీర్మానాలు ఉండవు కాబట్టి ‘గిమ్నిష్‌లో నిర్ణయించారు’ అని మాత్రం రాయకండి.

ఓటింగ్ గురించి కొంచెం ఆగి చెబుతాను, ఎందుకంటే ఇక్కడ చదివింది మరెక్కడా వృథా పోదు. ఎక్కువ చట్టాలకు అర్హతాయుత మెజారిటీ చాలు: 55 శాతం దేశాలు, అంటే 27లో 15, వాటిలో ఈయూ జనాభాలో 65 శాతం ఉండాలి. అడ్డుకోవాలంటే కనీసం నాలుగు దేశాలు కావాలి. మూడు పెద్ద దేశాలు చేతులు కలిపి అందరినీ ఆపేయకుండా ఆ నాలుగో దేశం షరతు. విదేశాంగ విధానంలో మాత్రం ప్రాథమికంగా ఏకగ్రీవమే. రష్యా మీద ప్రధాన ఆర్థిక ఆంక్షలు ఆరు నెలలకొకసారి, జనవరి 31, జూలై 31 గడువులతో నడుస్తూ వచ్చాయి. ప్రతి గడువుకు ముందూ ఒక్క దేశం కాదంటే ఏమవుతుందన్న ఉత్కంఠ అందుకే. 2023 డిసెంబర్‌లో ఉక్రెయిన్‌తో చేరిక చర్చలు మొదలుపెట్టాలా అన్నప్పుడు హంగేరీ ప్రధాని ఓర్బాన్ గది నుంచి బయటికి వెళ్లారు, మిగతా 26 మంది నిర్ణయం తీసుకున్నారు. ఏకగ్రీవం అనే నియమాన్ని మార్చకుండానే దాటిన సందర్భం అది. రెండో మెయిన్స్‌కి నేను సిద్ధం చేసుకున్న ఉదాహరణల్లో నాకు బాగా నచ్చింది ఇదే, ఒక్క వాక్యంలో బలమూ బలహీనతా రెండూ కనిపిస్తాయి.

‘ఇంత దూరపు మీటింగులు మనకెందుకు?’ అని ఇంట్లో అడుగుతారు. మాది భీమవరం వైపు. మా బాబాయికి రొయ్యల చెరువులు ఉన్నాయి. 2025 ఆగస్టులో అమెరికా సుంకాలు 50 శాతానికి చేరినప్పుడు ఫోన్ చేసి, ‘అమ్మా, రొయ్యల కౌంట్ రేటు పడిపోయింది, ఇక యూరప్ తీసుకుంటదంటారా?’ అని అడిగాడు. ఆ రోజు నేను చదువుతున్నది మా ఇంటి విషయమేనని తెలిసింది. ఐరోపా వాళ్లకు యాంటీబయాటిక్ అవశేషాల పట్టింపు ఎక్కువ. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ల ఆనవాళ్లు దొరికితే సరుకు వెనక్కే. మన పెంపకపు రొయ్యల్లో తనిఖీకి తీసే వాటాను 2016లో 10 శాతం నుంచి 50 శాతానికి పెంచారు. ఈ శాతాన్ని నిర్ణయించేది మంత్రుల మండలి కాదు, యూరోపియన్ కమిషన్. సుంకాల సంగతి వర్తక ఒప్పందంలో తేలుతుంది. ఆ తేడా బాబాయికి చెప్పగలిగాను, జవాబులోనూ రాయగలిగాను.

భారత్–ఈయూ వర్తక ఒప్పందం చర్చలు 2007లో మొదలై, 2013లో ఆగి, 2022లో మళ్లీ మొదలయ్యాయి. పాత పేరు బీటీఐఏ 2017 ప్రిలిమ్స్‌లో అడిగారు. 2026 జనవరి 27న ఢిల్లీ శిఖరాగ్ర సమావేశంలో చర్చలు ముగిశాయని ప్రకటించారు. ముందు రోజు రిపబ్లిక్ డేకి కోస్టా, కమిషన్ అధ్యక్షురాలు ఉర్సులా వాన్‌డెర్ లయెన్ ముఖ్య అతిథులు. చాలామంది నోట్స్ అక్కడితో ఆపేస్తారు. ‘చర్చలు ముగిశాయి’ వేరు, ‘సంతకం అయింది’ వేరు, ‘అమల్లోకి వచ్చింది’ వేరు. న్యాయపరమైన పరిశీలన, 24 అధికార భాషల్లోకి అనువాదం, సంతకానికి మంత్రుల మండలి అనుమతి, పార్లమెంటు సమ్మతి, మళ్లీ మండలి నిర్ణయం, ఇన్ని మెట్లు ఉంటాయి. రాబోయే వర్తక మంత్రుల అజెండాల్లో భారత్ పేరు ఎక్కడ వస్తుందో ఈ వరుసలో పెట్టి చూడండి. ఎఫ్టా దేశాలతో 2024 మార్చిలో సంతకమై 2025 అక్టోబర్ 1న అమల్లోకి వచ్చిన ఒప్పందాన్ని దీనితో కలపకండి. అది స్విట్జర్లాండ్, నార్వే, ఐస్‌లాండ్, లీచెన్‌స్టైన్‌లతో, ఆ నాలుగూ ఈయూలో లేవు.

మన మంత్రులు నేరుగా కూర్చునే వేదిక వర్తక సాంకేతిక మండలి. మొదటి మంత్రుల భేటీ 2023 మేలో బ్రస్సెల్స్‌లో, రెండోది 2025 ఫిబ్రవరి 28న ఢిల్లీలో జరిగాయి. ఈయూ ఇలాంటిది అమెరికాతో పెట్టుకున్నాక రెండోది మనతోనే. సరిహద్దు కార్బన్ సుంకం (ఈయూకి దిగుమతయ్యే సరుకుల తయారీలో వెలువడిన కర్బనం మీద వేసేది) మీద మన అభ్యంతరం కూడా ఇక్కడ వినిపించింది. 2026 జనవరి 1 నుంచి అది పూర్తిస్థాయిలో ఉంది. ఉక్కు, అల్యూమినియం, సిమెంట్, ఎరువులు, విద్యుత్, హైడ్రోజన్ దాని కిందికి వస్తాయి. ఈ ఆరూ గుర్తుంచుకోండి, ఏడోది కలిపి అడుగుతారు.

సమయం ఎంత పెట్టాలని చాలామంది అడుగుతున్నారు. నేను ఆదివారం నలభై నిమిషాలు పెట్టాను. అధినేతల సమావేశం ఉన్న వారం గంటన్నర. అంతకుమించితే పాలిటీ, ఎథిక్స్ దెబ్బతింటాయి, నా రెండో ప్రయత్నంలో అదే జరిగింది.

ఈ వారం ఒక ప్రశ్న రాయండి, 150 పదాలు: ‘విదేశాంగ విధానంలో ఏకగ్రీవ నియమం ఐరోపా సమాఖ్యను బలహీనపరుస్తోందా? భారత్‌తో సంబంధాల కోణంలో పరిశీలించండి.’ మొదటి పేరాలో ఏ మండలి గురించి రాస్తున్నారో స్పష్టంగా చెప్పండి. విదేశాంగంలో ఏకగ్రీవం, వర్తకంలో ప్రధానంగా అర్హతాయుత మెజారిటీ అన్న తేడాను రెండో పేరాలోకి తెండి, ఎందుకంటే మన పని ఎక్కువగా పడేది ఆ రెండోదానితోనే. రాసినవాళ్లు ఫొటో తీసి పంపండి, ఆదివారం లోపు చదివి ఒక్కొక్కరికీ రాస్తాను.