వాయిదాల శాంతి

తెలుగులో వాయిదా అన్న మాటకి రెండు అర్థాలున్నాయి. పనిని తర్వాతకి నెట్టేయడం ఒకటి, అప్పు విడతలుగా తీర్చడం ఇంకొకటి. దక్షిణ సూడాన్ శాంతి ఒప్పందం గురించి చదివినప్పుడల్లా నాకీ మాటే గుర్తొస్తుంది, ఎందుకంటే అక్కడి నాయకులు చేసేది మొదటిదే అయినా బయటివాళ్లకి మాత్రం రెండోది చేస్తున్నట్టు చూపిస్తుంటారు.

కథ తెలియనివాళ్ల కోసం క్లుప్తంగా చెప్తా. 2011 జులై 9న దేశం పుట్టింది. రెండున్నరేళ్లకే, 2013 డిసెంబరులో, అధ్యక్షుడు సల్వా కీర్‌కీ, ఆయన పదవి నుంచి తీసేసిన ఉపాధ్యక్షుడు రియెక్ మచార్‌కీ మధ్య గొడవ రాజధాని జూబాలో కాల్పులుగా మారి దేశమంతా పాకింది. 2015లో ఒక ఒప్పందం కుదిరింది, 2016 జులైలో జూబాలోనే చితికిపోయింది, మచార్ అడవుల్లో పడి నడుచుకుంటూ కాంగో చేరాడు. 2018 సెప్టెంబరు 12న ఆడిస్ అబాబాలో రెండో ఒప్పందం మీద సంతకాలయ్యాయి. అప్పటికి యుద్ధం కారణంగా దాదాపు 4 లక్షల మంది పోయారని పరిశోధకుల అంచనా.

ఇక క్యాలెండర్ చూడండి. ఐక్య ప్రభుత్వం 8 నెలల్లో, అంటే 2019 మేలో రావాలి. ఆ ఏడాది ఏప్రిల్‌లో పోప్ ఫ్రాన్సిస్ ఈ ఇద్దరినీ వాటికన్‌కి పిలిపించి, కాలి నొప్పితో ఇబ్బంది పడుతూనే వంగి వాళ్ల బూట్లకి ముద్దుపెట్టాడు. అయినా నెల తర్వాత గడువు దాటిపోయింది. 6 నెలలు పొడిగించారు. నవంబరు వచ్చింది, ఇంకో 100 రోజులు. చివరికి 2020 ఫిబ్రవరి 22న ప్రభుత్వం ఏర్పడింది, అధ్యక్షుడి కింద ఐదుగురు ఉపాధ్యక్షులతో. మధ్యంతర కాలం 36 నెలలే అన్నారు. 2022 ఆగస్టులో 24 నెలలు కలిపారు, 2024 సెప్టెంబరులో మళ్లీ 24 నెలలు. 2022లో జరగాల్సిన ఎన్నికలు అలా 2024 డిసెంబరుకి, అక్కణ్నుంచి 2026 డిసెంబరు 22కి వాయిదా పడ్డాయి.

ఇదంతా రాసిపెట్టే సంస్థ ఒకటుంది, పొట్టిపేరు ఆర్‌జెమెక్. ఒప్పందం ఎంతవరకు అమలైందో చూసి మూడు నెలలకోసారి నివేదిక ఇవ్వడం దాని పని. ఈ నివేదికలు చదవడం నాకు చాలాకాలంగా ఉన్న పిచ్చి అలవాటు (ఇంట్లోవాళ్లు దీన్ని వేరే పేరుతో పిలుస్తారు). నాలుగైదు వరసగా చదివితే ఒక సంగతి తెలుస్తుంది. తేదీ చెరిపేసి ఇస్తే ఏది ఏ ఏడాదిదో చెప్పడం కష్టం. రాజకీయ సంకల్పం కావాలి, నిధులు సమయానికి విడుదల కావాలి, పక్షాల మధ్య నమ్మకం పెరగాలి. ప్రతిసారీ అవే మూడు మాటలు.

వాళ్లని తప్పుపట్టాలని కాదు. సంస్థ నిర్మాణమే అలాంటిది. ఆ కమిషన్ సమావేశాల్లో సభ్యులుగా కూర్చునేవాళ్లలో ఒప్పందం అమలు చేయాల్సిన పక్షాలే ఉంటాయి. ఆలస్యం చేస్తున్నది ఎవరో చెప్పాల్సింది వాళ్ల ముందే, వాళ్లూ అదే గదిలో ఉంటారన్నమాట. లోపం కనపడితే సరిదిద్దమని సిఫారసు చేయొచ్చు, ప్రాంతీయ కూటమి ఇగాడ్‌కి, ఆఫ్రికన్ యూనియన్‌కి, ఐక్యరాజ్య సమితికి రాయొచ్చు. అంతకుమించి చేతిలో ఏమీ లేదు. పై నుంచి ఒత్తిడి తేవాల్సిన దేశాల సంగతి చెప్పనక్కర్లేదు. ఈ ఒప్పందాన్ని కుదిర్చినవాళ్లలో ముఖ్యుడు సూడాన్ అధ్యక్షుడు బషీర్, ఆయన 2019 ఏప్రిల్‌లోనే పదవి పోగొట్టుకున్నాడు, 2023 నుంచి సూడానే తగలబడుతోంది.

నాకు అన్నిటికంటే ఎక్కువ చెప్పాలనిపించేది ఉమ్మడి సైన్యం గురించి. కొట్టుకున్న రెండువైపుల మనుషుల్ని కలిపి 83 వేల మందితో ఒకే బలగం తయారుచేయాలి, ఒప్పందానికి వెన్నెముక లాంటి పని ఇది. మనుషులైతే శిబిరాలకి వచ్చారు. తిండి లేదు, మందులు లేవు, పడుకోవడానికి సరైన చోటు లేదు. తుపాకులకి బదులు చెక్కతో చేసిన తుపాకులు పట్టుకుని కవాతు చేశారు. ఆ ఫొటోలు చూశాను, కర్రని తుపాకీ ఆకారంలో చెక్కి భుజానికి ఆనించుకుని వరసగా నిలబడ్డ మనుషులు, మొహాలు మాత్రం పూర్తి సీరియస్‌గా. నెలలు గడిచేకొద్దీ చాలామంది విసిగి వెళ్లిపోయారు. చివరికి 2022 ఆగస్టు 30న జూబాలో స్వాతంత్ర్య పోరాట నాయకుడు జాన్ గరాంగ్ సమాధి దగ్గర తొలి విడతవాళ్లకి శిక్షణ పూర్తయినట్టు పట్టా ఇచ్చే వేడుక జరిగింది. పట్టా వచ్చాక ఏమైంది? దాదాపు ఏమీ కాలేదు. మొదటి బెటాలియన్ మలకాల్ పట్టణానికి బయల్దేరడానికి 2023 నవంబరు దాకా పట్టింది. ఆ తర్వాత 2024 ఫిబ్రవరిలో సూడాన్ మీదుగా వెళ్లే చమురు పైపులైను పాడైంది, ఖజానాకి చమురే ఆధారం కాబట్టి సైనికులకీ ఉద్యోగులకీ నెలల తరబడి జీతాల్లేవు.

నివేదికలో దీన్ని రాయాలంటే మూడే మాటలు: పూర్తయింది, జరుగుతోంది, పెండింగ్. రెండేళ్లు ఆకలితో ఎదురుచూసి ఇంటికి వెళ్లిపోయినవాడు ఈ మూడింట్లో దేని కింద వస్తాడు?

డబ్బుల్లేక ఆలస్యమైందన్న వాదన నేను సగమే నమ్ముతాను. సైన్యానికి తిండి పెట్టాలంటే డబ్బు కావాలి, నిజమే. కానీ 550 సీట్ల పార్లమెంటులో ఎవరికెన్ని అనే లెక్క (కీర్ పక్షానికి 332, మచార్ పక్షానికి 128, ఇలా) సంతకాల రోజే తేలిపోయింది. యుద్ధ నేరాల్ని విచారించాల్సిన ప్రత్యేక కోర్టు మాత్రం ఏర్పడనే లేదు. నిజ నిర్ధారణ, నష్టపరిహారం చట్టాలు కాగితం మీదకి రావడానికే 2024 దాకా పట్టింది. ఏ పని వల్ల కుర్చీలొస్తాయో అది ముందు జరిగింది, ఏ పని వల్ల కుర్చీలు పోతాయో అది వెనకబడింది. ఇందులో చేతకానితనం నాకు పెద్దగా కనపడదు, లెక్క బాగానే తెలిసినవాళ్ల పని ఇది. అందుకే ఆర్‌జెమెక్ రాతల్లో ఏ పని మిగిలింది అన్నదాంతో పాటు, ఆ పని మిగలడం వల్ల ఎవరు పదవిలో ఉండిపోయారు అన్న కాలమ్ కూడా ఉండాలంటాను. దౌత్యం తెలిసినవాళ్లు నవ్వుతారేమో, నవ్వనీయండి.

2025 మార్చిలో నాసిర్ పట్టణంలో సైనిక స్థావరం మీద దాడి జరిగింది. ఆ నెల 26న మచార్‌ని గృహ నిర్బంధంలో పెట్టారు, సెప్టెంబరులో ఆ దాడికి సంబంధించి హత్య, రాజద్రోహం కేసులు పెట్టి మొదటి ఉపాధ్యక్ష పదవి నుంచి సస్పెండ్ చేశారు. ఒప్పందం మీద సంతకం చేసిన ఇద్దరు ముఖ్యుల్లో ఒకడు ముద్దాయి, ఒకడు అధ్యక్షుడు. ఒప్పందం ఇంకా బతికే ఉందని మాత్రం అధికారికంగా అంటూనే ఉన్నారు.

2018లో రాసుకున్న దాని ప్రకారమైతే ఎన్నికలకి ముందు శాశ్వత రాజ్యాంగం రావాలి, జనగణన జరగాలి. ఆ గడ్డమీద చివరిసారి జనాన్ని లెక్కపెట్టింది 2008లో, అప్పటికింకా దక్షిణ సూడాన్ అనే దేశం లేదు.