విందోలాండా: తడిమట్టి దాచిన ఉత్తరాలు

మా అమ్మాయి న్యూకాసిల్‌లో ఉద్యోగం చేస్తున్నది. మొన్నటి మే నెలలో ఆమె దగ్గరికి వెళ్లినప్పుడు, సెలవు రోజున ఎక్కడికి వెళదామని అడిగితే వెంటనే విందోలాండా పేరు చెప్పాను. ఇంగ్లండు ఉత్తర భాగంలో రోమన్లు కట్టుకున్న ఈ సరిహద్దు కోట గురించి చదివి ఇరవై ఏళ్లు దాటింది. అక్కడి మట్టిలో దొరికిన ఉత్తరాలను ఒకసారి కళ్లారా చూడాలన్న కోరిక మాత్రం ఆనాటి నుంచీ అలాగే ఉండిపోయింది. మాది నాగార్జునసాగర్ దగ్గరి ఊరు. జలాశయం అడుగున ఒక పాత నగరం ఉన్నదని పెద్దలు చెబుతుంటే వింటూ పెరిగినవాణ్ణి కాబట్టి, నేల కింద దాగిన ఊళ్లంటే నాకు చిన్నప్పటినుంచీ ఆరాటం ఎక్కువ.

టైన్ నది వెంట సాగే రైలులో హెక్సమ్ దాకా వెళ్లి, అక్కడ బస్సు ఎక్కాము. ఆ బస్సు నంబరు ఏడీ 122. హేడ్రియన్ చక్రవర్తి బ్రిటన్‌కు వచ్చి, తూర్పు తీరం నుంచి పడమటి తీరం వరకు గోడ కట్టించడానికి పూనుకున్నది క్రీ.శ. 122లో కాబట్టి, ఆ గోడ వెంట తిరిగే బస్సుకు ఆ అంకెనే పెట్టారు. సుమారు 117 కిలోమీటర్ల ఆ గోడను యునెస్కో 1987లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. 2005లో జర్మనీలోని రోమన్ సరిహద్దును, 2008లో స్కాట్లండులోని ఆంటొనైన్ గోడను కూడా దానితో కలిపి, అన్నింటినీ ఒకే వారసత్వంగా గుర్తించింది. అయితే విందోలాండా గోడను ఆనుకుని లేదు. గోడకు ఒక మైలు దక్షిణంగా, స్టేన్‌గేట్ అనే రోమన్ బాట పక్కన, ఆ గోడ పుట్టడానికి దాదాపు నలభై ఏళ్ల ముందే, క్రీ.శ. 85 ప్రాంతంలో ఇక్కడ మొదటి కోట వెలిసింది. ఆ తర్వాత పాతదాన్ని కూలగొట్టి అదే చోట కొత్తది కట్టుకుంటూ వెళ్లినందువల్ల, ఒకదానిమీద ఒకటిగా మొత్తం తొమ్మిది కోటలు ఈ నేలలో ఉన్నాయి. తొలి కోటలన్నీ కలపవి. ఇప్పుడు పైకి కనిపించే రాతి కట్టడాలలో ఎక్కువ భాగం మూడవ శతాబ్దంలో కట్టిన ఆఖరి కోటకు, దాని పడమటి వాకిలి బయట పెరిగిన ఊరికి చెందినవి.

బస్సు దిగి లోపలికి వెళ్లగానే ముందు ఆ ఊరే ఎదురవుతుంది. రెండు వరసల ఇళ్ల పునాదులు, మధ్యలో రాళ్లు పరిచిన వీధి, ఒక పక్కన స్నానశాల, ఆ వీధి చివర కోట వాకిలి. గోడలు చాలాచోట్ల మోకాలి ఎత్తు మించి మిగలలేదు. కానీ గదులు, గుమ్మాలు, మురుగు కాలువలు ఎంత స్పష్టంగా ఉన్నాయంటే, ఏ ఇంట్లోకి ఎటునుంచి అడుగు పెట్టేవారో ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది. కోట లోపల నడిమధ్యన ప్రధాన కార్యాలయం, దాని పక్కన దళపతి నివాసం, మరో పక్కన ధాన్యాగారాలు ఉన్నాయి. ధాన్యాగారం నేలను కింద గాలి ఆడేలా ఎత్తుగా లేపి కట్టారు. చెమ్మ తగలకుండా గింజను కాపాడుకోవడానికి మన రైతులు గాదెల కింద రాళ్లు పెట్టి ఎత్తు చేసిన పద్ధతే అది. అక్కడ నేను చాలాసేపు నిలబడిపోయాను. అన్ని ఋతువులలోనూ వాన కురిసే ఆ దేశంలో, గింజను తడి నుంచి కాపాడడానికి వాళ్లు అంత శ్రమ పడ్డారు. వాళ్లు పట్టించుకోకుండా పారేసిన వస్తువులను మాత్రం ఆ తడే కాపాడింది.

ఇది ఎలా జరిగిందో మాకు తవ్వకాల దగ్గర తెలిసింది. ఏటా వసంతం నుంచి శరదృతువు మొదటి వారాల దాకా ఇక్కడ తవ్వకాలు సాగుతాయి. దేశవిదేశాల నుంచి స్వచ్ఛందంగా వచ్చినవారు పురావస్తు శాస్త్రవేత్తల పర్యవేక్షణలో పని చేస్తారు. మేము వెళ్లిన రోజున మనిషి లోతు గోతిలో నలుగురు మోకాళ్లమీద కూర్చొని చిన్న తాపీలతో మట్టి గీస్తున్నారు. ఆ మట్టి నల్లగా, జిగటగా ఉంది. అందులో నుంచి పశువుల కొట్టంలో వచ్చే వాసన వస్తున్నది. తల నెరిసిన ఒక స్వచ్ఛంద సేవకురాలు పైకి వచ్చి మాకు ఓపికగా వివరించింది. ఒక పటాలం వెళ్లిపోయి మరొకటి వచ్చినప్పుడల్లా పాత కలప గదులను పడగొట్టి, వాటిమీద బంకమట్టి, గడ్డి పెళ్లలు పరిచి, ఆపైన కొత్త గదులు లేపేవారు. అలా మూతపడిన పొరల్లోకి నీరు ఊరింది కానీ గాలి చొరబడలేదు. గాలి లేనిచోట చెక్కను, తోలును, గుడ్డను కుళ్లబెట్టే సూక్ష్మజీవులు బతకలేవు. అందువల్లనే ఇక్కడ ఇప్పటికి అయిదు వేలకు పైగా చెప్పులు, బూట్లు దొరికాయి. వాటిలో ఆడవాళ్లవీ, నడక నేర్చే వయసు పిల్లలవీ ఉన్నాయి. సిపాయిలకు చట్టప్రకారం పెళ్లి చేసుకునే హక్కు లేని ఆ కాలంలోనే కోట గోడల లోపల సంసారాలు నడిచాయని ఆ చిన్న చెప్పులు చెబుతున్నాయి.

ఉత్తరాలు 1973లో బయటపడ్డాయి. పురావస్తు శాస్త్రవేత్త రాబిన్ బర్లీ తవ్విస్తున్న ఒక కాలువలో, రంద పట్టినప్పుడు లేచే చివ్వల వంటి పలుచని చెక్క ముక్కలు వచ్చాయి. రెండు ముక్కలు అతుక్కుని ఉంటే విడదీసి చూశారు. లోపల సిరాతో గీసిన గీతలు కనబడ్డాయి. గాలి తగలడంతో కాసేపటికే ఆ గీతలు మాసిపోయాయి. తర్వాత పరారుణ కిరణాలతో ఫొటోలు తీసినప్పుడు ఆ అక్షరాలు మళ్లీ తేలాయి. ఇప్పటివరకు దొరికిన పలకలు 1,700కు పైమాటే. ఒక్కొక్కటి పోస్టుకార్డు అంత ఉంటుంది, మందం రెండు మూడు మిల్లీమీటర్లు మించదు. వాటిని చూసిన తెలుగువాడికి తాటాకు గుర్తుకు రాక మానదు. మనవాళ్లు ఆకుమీద గంటంతో గీసి మసి పూసేవారు. ఇక్కడివాళ్లు దగ్గరలో పెరిగే చెట్లను పలుచగా చీల్చి, మసితో చేసిన సిరాలో కలం ముంచి రాశారు. పలకల్లో అధిక భాగం లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నది. కొన్నింటిని మాత్రం ఇక్కడి మ్యూజియంలో చీకటి గదిలో, అద్దాల వెనక ఉంచారు. ఆ గదిలో అందరూ తమంతట తామే గొంతు తగ్గించి మాట్లాడుతున్నారు.

వాటిలో ఒక పలక పటాలం బలగాల లెక్క. అది మే 18వ తేదీ లెక్క. జూలియస్ వెరెకుండస్ అధిపతిగా ఉన్న మొదటి తుంగ్రియన్ దళంలో కాగితం మీద ఉన్నవారు 752 మంది. వారిలో 456 మంది ఊళ్లో లేరు. 337 మంది కోరియాలో ఉన్నారు. ఉదయం మా రైలు దాటి వచ్చిన కోర్‌బ్రిడ్జే ఆ కోరియా. మరో 46 మంది రాష్ట్రపాలకుడి అంగరక్షకులుగా వెళ్లారు. కోటలో మిగిలినవారు 296 మంది కాగా, వారిలో 15 మంది రోగులు, ఆరుగురు గాయపడినవారు, పది మందికి కళ్లకలక. సామ్రాజ్యపు సరిహద్దు అనగానే మనసులో బారులు తీరిన సైన్యం మెదులుతుంది. ఆ రోజున ఈ కోటలో నిలబడి కాపలా కాయగలిగినవారు 265 మంది మాత్రమే. పైగా ఈ సిపాయిలు రోము నగరం మొహం చూసినవారు కారు. తుంగ్రియన్లు నేటి బెల్జియం ప్రాంతంవారు, ఇదే కోటలో ఉన్న బటావియన్లు నేటి నెదర్లాండ్స్ నదీముఖ ప్రాంతంవారు. వాళ్లకు కావలసినవీ మామూలు వస్తువులే. ఒక ఉత్తరంలో మేజోళ్లు, రెండు జతల చెప్పులు, రెండు లోదుస్తులు పంపుతున్నట్లు ఉన్నది. మరొకదానిలో మాస్క్లస్ అనే అధికారి, తనవారికి బీరు అయిపోయిందనీ, పంపించమనీ వినయంగా అడుగుతున్నాడు.

నన్ను అన్నింటికంటే కదిలించింది ఒక చిన్న పద్దు. గాంబాక్స్ అనే సిపాయి పేరు ఎదుట మిరియాలు, రెండు దెనారియస్‌లు (రోమన్ వెండి నాణేలు) అని ఉన్నది. మిరియాలు అప్పట్లో ప్రధానంగా మన మలబారు తీరం నుంచే వ్యాపారానికి వచ్చేవి. ఎవరో మన పడమటి కనుమల అడవుల్లో కోసి ఎండబెట్టిన గింజలు, ఋతుపవనాల గాలితో అరేబియా సముద్రం దాటి, ఎర్ర సముద్రపు రేవుల్లో దిగి, ఒంటెల మీద నైలు నదికి చేరి, మధ్యధరా సముద్రం మీదుగా ఐరోపా అంతా దాటి, ఈ చలి కొండల మధ్య ఒక సామాన్య సిపాయి చేతికి అందాయి. ఆ వ్యాపారానికి బదులుగా వచ్చిన రోమన్ నాణేలు మన ఆంధ్రదేశంలోనూ పలుచోట్ల దొరికాయి. ఆ పద్దు ఎదుట నిలబడినప్పుడు, నేను పరాయి దేశంలో ఉన్నానన్న మాటే మరిచిపోయాను.

ఆపై క్లాడియా సెవెరా ఉత్తరం. క్రీ.శ. 100 ప్రాంతంలో, వేరే కోటలో ఉన్న ఒక అధికారి భార్య, ఇక్కడి బటావియన్ దళపతి ఫ్లావియస్ సెరియాలిస్ భార్య అయిన సుల్పీసియా లెపిడినాను సెప్టెంబరు 11న తన పుట్టినరోజు పండుగకు పిలుస్తున్నది. ఉత్తరం లేఖకుడు రాశాడు. చివరి నాలుగు మాటలు మాత్రం ఆమె తన చేతితో, కుదురులేని అక్షరాలలో చేర్చింది. నీ కోసం ఎదురుచూస్తుంటాను, నా ప్రాణమా, చల్లగా ఉండు అని దాని సారాంశం. లాటిన్‌లో స్త్రీ చేతిరాతగా నేటికి తెలిసినవాటిలో ఇది అత్యంత పురాతనమైనవాటిలో ఒకటి. నేను దానిని నా నోటుపుస్తకంలో తెలుగులో రాసుకోబోయి ఒక మాట దగ్గర ఆగిపోయాను. ఆమె లెపిడినాను తోబుట్టువు వరసతో పిలుస్తున్నది. కానీ లాటిన్ మాట పెద్దదో చిన్నదో చెప్పదు. తెలుగులో అక్కా అనాలి, లేదా చెల్లీ అనాలి. సోదరీ అంటే ఆ దగ్గరతనం పోతుంది.

ఒక లోటును కూడా ఇక్కడ చెప్పుకోవాలి. ఈ పలకల్లో వినిపించేవన్నీ కోట పక్షం గొంతులే. సముద్రం అవతలి నుంచి వచ్చిన ఒక వ్యాపారి, తప్పు చేయని తనను బెత్తాలతో కొట్టారని పెట్టుకున్న మొర ఉన్నది. స్థానికుల గురించి మాత్రం, వాళ్లను చిన్నబుచ్చే బ్రిటుంకులీ అనే పేరుతో, వాళ్ల యుద్ధపద్ధతి మీద రాసిన ఒక చిన్న వ్యాఖ్య కనబడుతుంది. ఈ పొలాలు ఎవరివో, ఈ ధాన్యం ఎవరి కళ్లాల నుంచి వచ్చిందో, వాళ్ల మాట ఒక్కటీ లేదు. చదివినంతసేపూ ఆ మౌనం నాకు వినబడుతూనే ఉన్నది.

మ్యూజియం బయట వాగు ఒడ్డున బల్లమీద కూర్చుని తెచ్చుకున్న పులిహోర తింటూ అమ్మాయికి మా జలాశయం అడుగున ఉన్న ఆ పాత నగరం, విజయపురి సంగతి చెప్పాను. ఇక్కడ ఆఖరి రాతి కోట నిలిచి ఉన్న మూడవ శతాబ్దంలోనే అక్కడ ఇక్ష్వాకులు ఏలుతున్నారు. రాజు చాంతమూలుని తోబుట్టువు చాంతిసిరి అక్కడి బౌద్ధ మహాచైత్యానికి దానం చేసి, తన పేరును రాతి స్తంభాలమీద చెక్కించింది. ఆ లోయలోనూ రోమన్ బంగారు నాణేలు దొరికాయి. 1954 నుంచి 1960 దాకా తవ్వగలిగినంత తవ్వారు. కొన్ని కట్టడాలను రాయి రాయిగా విప్పి నాగార్జునకొండమీదికీ, జలాశయం ఒడ్డున ఉన్న అనుపుకూ చేర్చారు. మిగిలినదంతా కృష్ణ నీటి కింద ఉండిపోయింది. ఆ నీటితోనే మా పొలాలు పండాయి, దానితోనే నేను చదువుకున్నాను. కాబట్టి ఆనకట్టను తప్పుపట్టే మాట నా నోట రాదు. కానీ ఆ లోయకు మరో పదేళ్ల గడువు ఉండి ఉంటే ఏమేమి తెలిసేదోనన్న బాధ మాత్రం ఎన్నడూ తగ్గలేదు. ఇక్కడ ఏభై ఏళ్లుగా తవ్వుతున్నా, ఇంకా చాలా భాగం ముట్టుకోకుండా రాబోయే తరాలకు మిగిల్చారని తెలిసి నాకు అసూయ కలిగింది.

అయితే ఇక్కడా తొందర మొదలయింది. పడమరగా కొన్ని మైళ్ల దూరంలో విందోలాండాను చూసుకునే సంస్థ సంరక్షణలోనే ఉన్న మాగ్నా అనే మరో రోమన్ కోట దగ్గర, మారుతున్న వాతావరణం వల్ల బురదనేల ఎండి, పగుళ్లలో నుంచి గాలి లోపలికి దిగుతున్నది. అందులోని తోలు, చెక్క నశించకముందే తీయాలని 2023లో అక్కడ తవ్వకాలు ఆరంభించారు. మాకు గోతి దగ్గర వివరించిన ఆమె, ఎండలు కాసిన ఏడు తనకు నిద్ర పట్టదని అన్నది.

తిరుగు బస్సు కోసం నిలబడ్డప్పుడు సన్నగా వాన మొదలయింది. గోతి మీద పట్టా కప్పి నలుగురూ గట్టుమీదికి చేరడం దూరం నుంచి కనిపించింది. అమ్మాయి నా మీదికి గొడుగు పట్టి, నోటుపుస్తకంలోకి తొంగి చూసి, "నాన్నా, ఇంతకీ అక్కా అని రాశావా, చెల్లీ అని రాశావా?" అని అడిగింది. ఆ ఒక్క మాటకూ చోటు ఖాళీగా వదిలి, మిగతాదంతా రాసి ఉంచానని చూపించాను.