రెండంగుళాల తేడా

బావ ఫోన్ చేశారంటే బాగున్నారా అనే పలకరింపు కూడా ఉండేది కాదు. "ఏం తేల్చావు? అదా, ఇదా?" అనే మొదలు. 2013 మార్చిలో పిల్లల సెలవులకి అందరం కలిసి క్రూజ్‌కి వెళ్దామని అనుకున్న రోజు నుంచి మూడు నెలల పాటు మా ఇంట్లో ఇదే వరస. అదీ ఇదీ అంటే ఒయాసిస్ ఆఫ్ ద సీస్, అల్యూర్ ఆఫ్ ద సీస్. రెండూ రాయల్ కరీబియన్ వాళ్ళవే. అప్పటికి వాటికంటే పెద్ద ప్రయాణికుల ఓడలు ప్రపంచంలో లేవు. రెండూ ఫ్లోరిడాలోని ఫోర్ట్ లాడర్‌డేల్ రేవు నుంచే బయల్దేరేవి. రెండిటివీ వారం రోజుల ట్రిప్పులే, వెళ్ళేది కరీబియన్‌కే.

చిక్కంతా అక్కడే వచ్చింది. ఒకటి పెద్దదీ ఒకటి చిన్నదీ అయితే నిమిషంలో తేలిపోయేది. ఇవేమో ఫిన్లాండ్‌లోని తుర్కు షిప్‌యార్డులో ఒకే నమూనా మీద ఏడాది తేడాతో కట్టినవి. ఒయాసిస్ 2009 డిసెంబరులో తిరగడం మొదలుపెట్టింది, అల్యూర్ 2010 డిసెంబరులో. ప్రయాణికులకి 16 డెక్కులు, అంటే అంతస్తులు, దాదాపు 360 మీటర్ల పొడవు, 2,25,282 గ్రాస్ టన్నేజీ. ఏ కాగితం తిరగేసినా దేని పక్కన చూసినా అవే అంకెలు. బావ మొదట్లో ఆ టన్నేజీని ఓడ బరువనుకుని అందరికీ చెప్పేశారు కూడా. అది బరువు కాదు, ఓడ లోపల ఎంత చోటుందో చెప్పే కొలత. టైటానిక్‌ది 46,328. ఆ లెక్కన లోపలి చోటు దానికి దాదాపు అయిదింతలన్నమాట.

వెతగ్గా వెతగ్గా బావకి ఒక తేడా దొరికింది. ఒకే నక్షా మీద కట్టినా అల్యూర్ 50 మిల్లీమీటర్లు ఎక్కువ పొడవు తేలిందట. కావాలని పెంచింది కాదు. అంత పెద్ద ఉక్కు కట్టడంలో వేడికీ చలికీ సాగడం, ముడుచుకోవడం వల్ల ఆపాటి తేడా మామూలేనట.

"రెండంగుళాలైనా పెద్దది పెద్దదే. అల్యూర్‌కే వెళ్దాం" అన్నారు బావ.

"కవలపిల్లల్లో ఎవరు పొడుగో స్కేలు పెట్టి చూసినట్టుంది మీ వ్యవహారం" అంది అక్క.

నేను పట్టుబట్టి ఒయాసిస్ అనేవాణ్ణి. నిజం చెప్పాలంటే నాకు గట్టి కారణమేమీ లేదు. బావ అల్యూర్ అన్నారు కాబట్టి నేను ఒయాసిస్ అన్నాను, అంతే. బావ ఎక్సెల్ షీటు తయారుచేశారు. అందులో తేడాల గడి నింపడానికి ఆయన పడ్డ పాట్లు చూడాలి. అల్యూర్‌లో స్టార్‌బక్స్ ఉంది, సముద్రం మీద మొట్టమొదటి స్టార్‌బక్స్ అదే. ఒకదాంట్లో చేపల హోటల్ ఉన్న చోట రెండోదాంట్లో మెక్సికన్ హోటల్. థియేటర్లో వేసే మ్యూజికల్ వేరు. మిగతా నలభై వరసల్లోనూ 'సేమ్', 'సేమ్', 'సేమ్'. అమ్మ ఈ చర్చలన్నీ పక్కన కూర్చుని వినేది. ఎప్పుడైనా ఒక మాట అనేది. "నా మోకాళ్ళ సంగతి చూసుకోండి, అంతే."

చివరికి తేల్చింది అమ్మ మోకాళ్ళే. డెక్ ప్లాన్ ముందేసుకుని కూర్చున్నాక నాకు తెలిసొచ్చింది, మేం ఇన్నాళ్ళూ చూడాల్సింది వదిలేసి ఇంకేదో చూస్తున్నామని. ఈ ఓడలు నడిమధ్యన నిలువునా చీలి ఉంటాయి. మధ్యలో పైకప్పు లేని ఖాళీ, దానికి రెండు పక్కలా ఎత్తైన గదుల వరసలు. అందుకని లిఫ్టులన్నీ ముందువైపు ఒక చోట, వెనకవైపు ఒక చోట ఉంటాయి. నడుమ గది దొరికితే ఎటు వెళ్ళాలన్నా నడకే. ఏ ఓడ అన్నది పక్కన పెట్టి, పిల్లల సెలవుల వారంలో లిఫ్టుకి దగ్గరగా మూడు గదులు దేంట్లో దొరుకుతాయో కనుక్కోమని టికెట్లు చేసే ఏజెంటుకి చెప్పాను. అల్యూర్‌లో దొరికాయి. బావ గెలిచినట్టు నవ్వారు. గెలిపించింది రెండంగుళాలు కాదని నేనూ ఊరుకోకుండా చెప్పాను.

ఇంకో సంగతి కూడా అప్పుడే కళ్ళబడింది. రెండు ఓడలూ అప్పట్లో తూర్పు దారి, పడమటి దారి మార్చి మార్చి తిరిగేవి. తూర్పు అయితే నసావు, సెయింట్ థామస్, సెయింట్ మార్టెన్. పడమర అయితే హైతీలో లబడీ, జమైకాలో ఫాల్మత్, మెక్సికోలో కోజుమెల్. మూడు నెలల్లో మేం ఎవరమూ 'ఎక్కడికి వెళ్తున్నాం' అని అడగలేదు! మా వారానికి అల్యూర్‌ది పడమటి దారి. అమ్మ వీసా మల్టిపుల్ ఎంట్రీయో కాదో చూడటం కూడా అప్పుడే గుర్తొచ్చింది. ఓడ అమెరికా దాటి వెళ్ళి మళ్ళీ అక్కడికే వస్తుంది కదా, సింగిల్ ఎంట్రీ అయితే తిరిగి రావడం కుదరదు. ఆ పాస్‌పోర్టు బయటికి తీసి చూసేదాకా నాకు గుండె దడే. మల్టిపులే.

బయల్దేరే రోజు టెర్మినల్ 18 ముందు కారు దిగాక పిల్లలు అడిగారు, "ఓడేదీ?" అని. ఎదురుగా ఉన్నదే ఓడ. బాల్కనీల వరసలు తప్ప ఇంకేమీ కనబడక వాళ్ళు దాన్ని అపార్టుమెంటు అనుకున్నారు.

ఎక్కిన కాసేపటికే మస్టర్ డ్రిల్, అంటే ప్రమాదం వస్తే ఎక్కడికి చేరాలో, ఏం చేయాలో చూపించే కసరత్తు. అంతకు ముందు ఏడాది, 2012 జనవరిలో ఇటలీ తీరంలో కోస్టా కాంకార్డియా అనే ఓడ ఒరిగిపోయినప్పుడు, ఆ రోజే ఎక్కిన చాలామందికి డ్రిల్ ఇంకా జరగలేదు. ఆ తర్వాత ఓడ కదలకముందే డ్రిల్ పూర్తి చేసే పద్ధతి వచ్చింది. విసుక్కుంటూ వెళ్ళిన బావ, ఒక్కో లైఫ్‌బోటులో 370 మంది పడతారని విని నోరు తెరిచారు. అలాంటివి 18. "ఆ ఒక్క బోటు చాలు మనకి, దాంతోనే వెళ్ళొచ్చేయొచ్చు" అంది మా ఆవిడ.

గదుల దగ్గర మొదలైంది అసలు గొడవ. మూడూ సముద్రం వైపువే కావాలని అడిగాను. మా గది, బావా వాళ్ళ గది అలాగే ఉన్నాయి. అమ్మకీ మా అమ్మాయికీ ఇచ్చిన గది తలుపు తీస్తే బాల్కనీ ఉంది, సముద్రం లేదు. కింద చెట్లు. ఏజెంటు పంపిన కాగితంలో 'బాల్కనీ' అన్న మాట చూసి నేనే ఊరుకున్నాను. ఓడ లోపలికి చూసే బాల్కనీలు కూడా ఉంటాయన్న సంగతి మర్చిపోయాను. సముద్రం చూపిస్తానని అమ్మని ఇంత దూరం తీసుకొచ్చి తోట వైపు కూర్చోబెట్టానే అని ప్రాణం ఉసూరుమంది. గది మార్చుకుందామన్నాను. "ఉండరా" అంది అమ్మ, రెయిలింగు పట్టుకుని కిందికి చూస్తూ.

అది సెంట్రల్ పార్కు. ఎనిమిదో డెక్కు మీద, పైన ఆకాశం తప్ప ఏ కప్పూ లేకుండా, 12,000కి పైగా మొక్కలతో పెంచిన తోట. అమ్మ గది పదో డెక్కులో, అంటే తోటకి రెండంతస్తుల పైన. ఆ సాయంత్రం కిందికి తీసుకెళ్తే అమ్మ చేసిన మొదటి పని, ఒక ఆకుని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నలపడం. వేళ్ళు వాసన చూసుకుని "నిజందే" అంది. ఆ తర్వాత వరసగా నాలుగైదు మొక్కలకి అదే పరీక్ష. ఆ వారంలో ఎవరైనా తోటమాలి ఆకుల మీద గోటి గాట్లు చూసి ఆశ్చర్యపోయి ఉంటే, ఆ పని ఎవరిదో నాకు తెలుసు. చీకటి పడ్డాక కీచురాళ్ళ చప్పుడు మొదలైంది. మావాడు పొదలన్నీ వెతికి వెతికి చివరికి స్పీకరుని పట్టుకొచ్చినంత పని చేశాడు. మొక్కలు నిజమైనవి, కీచురాళ్ళు మాత్రం రికార్డింగు.

రెండో రోజు నుంచి అమ్మకి ఆ బాల్కనీ ఇంటి ముందు అరుగైపోయింది. పొద్దున్నే కుర్చీ లాక్కుని కూర్చుంటే ఎవరు ఎవరితో వెళ్తున్నారో, ఏ పిల్లాడు ఏడుస్తున్నాడో, ఏ ముసలాయన రోజూ అదే బెంచీ మీద నిద్రపోతున్నాడో అన్నీ లెక్కే. "నిన్న నీలం చొక్కా ఆయన, భార్య మాట్లాడుకోలేదు. ఇవాళ చేతులు పట్టుకుని వెళ్ళారు" అని అక్కకి రిపోర్టు. సముద్రం వైపు బాల్కనీ దక్కిన బావ రెండో రోజు మధ్యాహ్నానికే అత్తగారి గదిలో తేలారు. పూర్తిగా సముద్రం మీదే గడిచే రోజులు ఈ ట్రిప్పులో మూడు. ఆ రోజుల్లో బయట నీలం తప్ప ఏమీ ఉండదు. పది నిమిషాలు అద్భుతంగా ఉంటుంది, గంట బాగుంటుంది, ఆ తర్వాత మనిషి మనుషుల్ని వెతుక్కుంటాడు. కాకపోతే తోట వైపు గదిలో పరదా వేయకుండా బట్టలు మార్చుకోలేం, ఎదుటి వరస బాల్కనీలు సూటిగా చూస్తుంటాయి. పొద్దున్న ఎండో మబ్బో తెలియాలంటే మెడ పైకెత్తాలి. నాకైతే సముద్రమే కావాలి. కానీ అమ్మకి అదే గది మళ్ళీ తీసుకుంటాను, ఈసారి తెలిసే.

బావకి మాత్రం ఓడెక్కినా పోలిక పోలేదు. రంగులరాట్నం చూసినా, తొమ్మిది డెక్కుల ఎత్తున తీగకి వేలాడుతూ జారే జిప్‌లైన్ చూసినా, అయిదో డెక్కు నుంచి తోట దాకా జనాన్ని కూర్చోబెట్టుకుని నత్తలా పైకి లేచే బారుని చూసినా "ఇది అందులోనూ ఉంది" అనేవారు. ఉండబట్టలేక గది శుభ్రం చేసే అబ్బాయిని అడిగేశారు, ఒయాసిస్‌లో పని చేశావా అని. చేశాడట. తేడా ఏమిటంటే కాసేపు ఆలోచించి, "ఇక్కడికి వచ్చిన కొత్తలో ఓడ మారానన్న సంగతే మర్చిపోయేవాణ్ణి సార్. బ్యాడ్జి చూసుకుంటే గుర్తొచ్చేది" అన్నాడు. బావ మొహం చూడాలి.

పిల్లలకి మాత్రం బావ చెప్పిన కథల్లో ఒకటి బాగా నచ్చింది. ఒయాసిస్‌ని ఫిన్లాండ్ నుంచి తెస్తున్నప్పుడు డెన్మార్క్‌లో గ్రేట్ బెల్ట్ వంతెన అడ్డొచ్చింది. వంతెన ఎత్తు నీటి మట్టం నుంచి 65 మీటర్లు, ఓడ ఎత్తు 72. అందుకే పొగగొట్టాల్ని కిందికి దించుకునేలా కట్టారు. అవి దించి, వేగం పెంచి వంతెన కిందికి పోనిచ్చారు. లోతు తక్కువ నీళ్ళలో వేగంగా వెళ్తే ఓడ కాస్త కిందికి కుంగుతుంది, అదీ కిటుకు. పైన మిగిలిన సందు రెండడుగుల లోపే. "మనం వెళ్ళేటప్పుడు కూడా వంతెన వస్తుందా?" అని మావాడు రోజూ అడిగేవాడు. రాదంటే వాడికి దిగులు.

ఊళ్ళ గురించి ఎక్కువ చెప్పను. లబడీలో నీళ్ళు, ఇసుక, నీడ అన్నీ బాగున్నాయి. కానీ అది హైతీలో కంచె వేసిన ఒక ముక్క, అక్కడ దిగి హైతీ చూశామని చెప్పుకుంటే అబద్ధమే. కోజుమెల్‌లో పిల్లలు నీళ్ళలోంచి బయటికి రాలేదు. ఫాల్మత్ మాత్రం నాకు నచ్చింది. 1769లో పుట్టిన ఊరు, ఒకప్పుడు పంచదార ఎగుమతులతో వెలిగింది. రేవు దాటి రెండు వీధులు నడిస్తే ఆ కాలం నాటి ఇళ్ళు ఇంకా ఉన్నాయి, కొన్ని రంగు వేసుకుని, కొన్ని పెచ్చులూడి. అంత చిన్న ఊళ్ళోకి మా ఓడ నుంచి వేలమందిమి ఒక్కసారిగా దిగాం. వెనక్కి తిరిగి చూస్తే ఇళ్ళ కప్పుల మీదుగా మా ఓడే కనబడుతోంది, ఊరికంటే ఎత్తుగా. ఆ ఊరివాళ్ళకి వారం వారం ఇది ఎలా అనిపిస్తుందో అని కాసేపు ఇబ్బందిగా అనిపించింది.

మరుసటి ఏడాది బావా అక్కా వాళ్ళ స్నేహితులతో కలిసి ఒయాసిస్ ఎక్కారు. రెండూ చూస్తే గానీ బావకి తేలదట. తోట వైపు గదే అడిగి మరీ తీసుకున్నారని అక్క చెప్పింది. రెండో రోజుకే ఫోటోలు వచ్చాయి. అమ్మ కళ్ళజోడు పెట్టుకుని ఒక్కొక్కటీ చూసింది.

"ఇదిగో నా బాల్కనీ. ఇదిగో ఆ ముసలాయన నిద్రపోయే బెంచీ. ఈ ఫోటో ఎప్పుడు తీశారు, నాకు చూపించనేలేదే?"

"అది మనం వెళ్ళిన ఓడ కాదమ్మా. అది ఒయాసిస్. మనం వెళ్ళింది అల్యూర్."

అమ్మ ఫోన్ కిందపెట్టి నా మొహంలోకి చూసింది.

"అంటే అవి రెండు ఓడలా? మూడు నెలలు మీ ఇద్దరూ అన్నేసి సార్లు ఆ పేర్లు చెప్పి అరుచుకుంటుంటే, ఒకే ఓడకి అసలు పేరేదో తెలియక కొట్టుకుంటున్నారనుకున్నాను."

ఈ మాట బావకి ఇంతవరకూ చెప్పలేదు.