మిత్రుని పేరిట కిలిమంజారో: నా అనుభవం

ఒంట్లో హీమోగ్లోబిన్ సరిగా తయారుకాని జన్యు వ్యాధి తలసేమియా మేజర్‌తో పుట్టిన నా చిన్ననాటి మిత్రుడు, గుండెలో ఇనుము పేరుకుపోయి, ముప్పై ఏళ్లు నిండకముందే కన్నుమూశాడు. రెండు మూడు వారాలకోసారి రక్తం ఎక్కించుకుంటే తప్ప నిలవని ప్రాణం అతనిది. అయితే ఎక్కించే ఒక్కో యూనిట్‌తో సుమారు రెండు వందల మిల్లీగ్రాముల ఇనుము ఒంట్లో చేరుతుంది, దాన్ని బయటికి పంపే మార్గం శరీరానికి లేదు. హనుమకొండలో వాళ్లింటికి చదువుకోవడానికి వెళ్లిన రాత్రుల్లో, అతను పొట్ట చర్మంలోకి సన్నని సూది గుచ్చుకుని, దాన్ని చిన్న పంపుకు తగిలించి, చొక్కా సర్దుకుని లెక్కల పుస్తకం తెరిచేవాడు. ఆ ఇనుమును బయటికి లాగే మందు తెల్లవార్లూ ఎక్కుతూనే ఉండేది.

నిజామాబాద్ జిల్లా పాకాలకు చెందిన మాలావత్ పూర్ణ 2014 మే 25న, పద్నాలుగేళ్లు నిండకముందే ఎవరెస్టు ఎక్కిన వార్తను అతను పత్రిక నుంచి కత్తిరించి దాచుకున్నాడు. అందుకే, అతని పేరిట తలసేమియా పిల్లలకు విరాళాలు సేకరించాలనుకున్నప్పుడు నాకు పర్వతమే తోచింది. టాంజానియాలోని కిలిమంజారోను ఎంచుకున్నాను. 5,895 మీటర్ల ఎత్తున్నా, తాళ్లు పట్టుకుని ఎగబాకే విద్య లేనివారు కూడా నడిచి చేరగల శిఖరం అది.

కొండ సంగతి కంటే ముందు డబ్బు సంగతి తేల్చుకోవలసి వచ్చింది. విమాన టికెట్లు, పార్కు రుసుము, గైడు, కూలీల ఖర్చు పూర్తిగా నా జీతంలోంచే పెట్టుకోవాలని, దాతలిచ్చే ప్రతి రూపాయీ పిల్లలకు రక్తం ఎక్కించే ట్రస్టు ఖాతాకే నేరుగా వెళ్లాలని నియమం పెట్టుకున్నాను. పర్వతం ఎక్కాలన్న కోరిక నాదైనప్పుడు దాని ఖర్చు ఇతరుల దయ మీద వేయడం న్యాయం కాదని ఇప్పటికీ నా అభిప్రాయం. రెండు వేల రూపాయలు మించిన నగదు విరాళానికి ఆదాయపు పన్ను చట్టంలోని 80జి సెక్షన్ కింద అప్పట్లో పన్ను రాయితీ వచ్చేది కాదు కనుక, అందరినీ బ్యాంకు ద్వారానే పంపమని కోరాను. ఈ సంగతి చెప్పడానికి వెళ్లినప్పుడు నా మిత్రుని తల్లి ఒక్కటే మాట అన్నది: "బిడ్డా, నా చేతికి పైసలు ఇయ్యకు. సూది ఏసుకునే పిల్లగాండ్లకు అందేటట్టు చూడు."

పద్మాక్షి గుట్ట మీద బరువైన సంచితో ఎక్కిదిగడమే నా సాధన. డాక్టరు గుండె పరీక్షలు చేయించి, ఎత్తు వల్ల వచ్చే జబ్బుకు మాత్రలు రాసిచ్చారు.

కిలిమంజారో ఎక్కే మచామే దారిలో, పగలు లావా టవర్ అనే ఎత్తైన చోటు దాకా ఎక్కి, రాత్రి నిద్రకు బరాంకో శిబిరానికి దిగడం వల్ల శరీరం పలచని గాలికి కొంత అలవాటు పడింది. అసలు కష్టం బరాఫు శిబిరం నుంచి అర్ధరాత్రి బయలుదేరిన తర్వాత మొదలైంది. శిఖరం దగ్గర ఊపిరికి అందే ప్రాణవాయువు సముద్ర మట్టంలో అందేదానిలో దాదాపు సగమే. నీళ్ల గొట్టం గడ్డకట్టింది. బూటు లేసు కట్టుకోవడానికి వంగినా ఆయాసం వచ్చింది. హీమోగ్లోబిన్ పడిపోయిన రోజుల్లో, మా కాలేజీ మెట్ల మలుపులో నా మిత్రుడు రెయిలింగ్ పట్టుకుని, ఫోన్ చూసుకుంటున్నట్టు నటిస్తూ నిలబడేవాడు. ఆ నిలబడటం వెనక ఎంత అవస్థ ఉండేదో ఆ చీకట్లో, నాలుగడుగులకోసారి కర్ర మీద వాలుతున్నప్పుడు నాకు ఒంటికి తెలిసింది. నేను దిగివస్తే తగ్గిపోయే ఆయాసం అది. అతనికి దిగే చోటే లేదు.

తెల్లవారాక, కిలిమంజారో కొస అయిన ఉహురు శిఖరం మీద "పెళ్లికి ముందే తలసేమియా పరీక్ష చేయించుకోండి" అని తెలుగులో రాసిన గుడ్డ పట్టుకుని ఫోటో దిగాను. తల్లిదండ్రులిద్దరూ వాహకులైతే, అంటే తమకు జబ్బు లేకున్నా ఆ జన్యు లోపాన్ని మోసేవారైతే, ప్రతి కాన్పులోనూ బిడ్డకు తలసేమియా మేజర్ వచ్చే అవకాశం 25 శాతం. హెచ్‌బీఏ2 అనే ఒక్క రక్త పరీక్షతో చాలావరకు, తాము వాహకులమో కాదో ముందే తెలుసుకోవచ్చు.

వచ్చిన విరాళాలను ట్రస్టువారు ఎక్కించే రక్తంలోంచి తెల్లకణాలను వడకట్టే ఫిల్టర్లకు, ఇనుము తగ్గించే మాత్రలకు ఖర్చు చేసి లెక్కలు దాతలందరికీ పంపారు. ఏప్రిల్, మే నెలల్లో కాలేజీలకు సెలవులిచ్చాక రక్తదాన శిబిరాలు తగ్గిపోతాయి కనుక, వరంగల్‌లో ఆ రెండు నెలలకూ దాతల జాబితా తయారుచేసే పనిని ఇప్పుడు నేను, నా మిత్రుని తమ్ముడు కలిసి చూస్తున్నాం.