రేకుల కప్పు కింద సోడా మూతల లెక్కలు

పల్లె బడి పిల్లలకు పాఠాలు చెప్పడానికి హన్మకొండ నుంచి మా చర్చి బృందం ఉగాండా బయల్దేరినప్పుడు అందరి భయం ఎండ గురించే. తీరా చూస్తే కంపాలా దాదాపు 1,200 మీటర్ల ఎత్తున ఉంది. ఓరుగల్లు మే నెల చూసినవాళ్లకు అదొక ఎండే కాదు. జాగ్రత్త పడాల్సింది దోమలతో, కాగితాలతో.

ఎల్లో ఫీవర్ టీకా హైదరాబాద్ నారాయణగూడ ఐపీఎంలో (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్) వేస్తారు, పాస్‌పోర్ట్ పట్టుకెళ్లాలి. టీకా వేసుకున్నట్టు ఒక కార్డు ఇస్తారు, సూది పడ్డ 10 రోజులకు గానీ అది చెల్లదు. ఆ తర్వాత జీవితాంతం పనికొస్తుంది. కోడిగుడ్డు పడనివాళ్లు ముందే చెప్పాలి. మలేరియా రాకుండా డాక్టర్ రాసిచ్చింది డాక్సీసైక్లిన్, రోజుకో మాత్ర. తిన్నాక నిండు గ్లాసు నీళ్లతో మింగాలి. మింగి వెంటనే నడుం వాలిస్తే గొంతు మంట ఖాయం.

మా బడి కంపాలా దగ్గరి ముకోనో వైపు పల్లెలో. ఒక్క గదిలో 80 మందికి పైనే. ఊళ్లలో మూడో తరగతి దాకా చదువు స్థానిక భాషలోనే, అక్కడైతే లుగాండా. మన ఇంగ్లిష్ వాళ్ల నెత్తి మీంచి పోతుంది. అయితే లుగాండా మాటలు కూడా మన మాటల్లాగే అచ్చుతో ముగుస్తాయి, ద్విత్వాలూ ఎక్కువే: ఎము, బ్బిరి, స్సతు అంటే ఒకటి, రెండు, మూడు. మన నోటికి తొందరగానే పట్టుబడింది. గడియారంతోనే తంటా. 'రెండు గంటలకు రండి' అంటే పొద్దున 8 అన్నమాట. లెక్క పొద్దు పొడుపు నుంచి.

చాక్లెట్లు పంచలేదు. 80 మందిలో 60 చాక్లెట్లు తీస్తే ఆ పూట క్లాసు గోవిందా. పట్టుకెళ్లిన రంగుల చార్టులు మొదటి వానకే మెత్తబడ్డాయి. అక్కడి టీచర్లు మక్కపిండి సంచిని విప్పదీసి మార్కర్‌తో రాస్తారు. అది తడిసినా చిరగదు. మేమూ అదే పట్టుకున్నాం.

లెక్కలకు సోడా మూతలు. 8 మంది జట్టుకు 60 చొప్పున 10 జట్లకు 600 కావాలి, కాబట్టి దిగిన రోజే కొట్లలో చెప్పి పెట్టాలి. మూతను చెక్కపై పెట్టి మేకుతో పొడిస్తే వెనక అంచు లేస్తుంది. రాయితో కొట్టి చదును చేయకపోతే వేళ్లు కోసుకుంటాయి. పదేసి మూతలు దారానికి గుచ్చితే ఒక పది, అలా జట్టుకు 5 దండలు. మిగతా 10 విడిగా, ఒకట్లు. ముడి మాత్రం జారుముడే వేయాలి. మొదట మేం గట్టిగా బిగించి కట్టాం, తీసివేతల దగ్గర పని ఆగిపోయింది. 43లోంచి 17 తీయాలంటే ఒక దండ విప్పాల్సిందే: 13 విడి మూతల్లో 7 పక్కన పెట్టి, ఇంకో దండ తీసేస్తే మిగిలేది 26. అప్పు తెచ్చుకోవడమంటే ఏంటో వేళ్లకే తెలుస్తుంది.

మధ్యాహ్నం పోషో, చిక్కుడు గింజల కూర. పోషో అంటే మన మక్క గటకకు తోబుట్టువే, కాకపోతే గట్టిగా ఉంటుంది. వాన మొదలైతే రేకుల మోతకు పక్కవాడి మాట కూడా వినపడదు. ఆ గంటలో గొంతు చించుకోకుండా బోర్డుపై లెక్క రాసి ఊరుకునేవాళ్లం. పిల్లలు జవాబు మూతలతో పేర్చి చూపేవాళ్లు. వెళ్లేటప్పుడు మూతలూ సంచి చార్టులూ క్లాస్ టీచర్‌కే ఇచ్చేశాం.

శంషాబాద్‌లో దిగగానే ఎల్లో ఫీవర్ కార్డు మళ్లీ చూపాలి. లేకపోతే 6 రోజుల దాకా క్వారంటైన్. డాక్సీసైక్లిన్ ఇంటికొచ్చాక ఇంకా 4 వారాలు వేసుకోవాలి. తర్వాత ఎన్ని నెలలకు జ్వరం తగిలినా డాక్టర్‌కు ఉగాండా సంగతి ముందే చెప్పాలి.